ఎయిర్‌ఫోర్స్ సైన్స్ పరీక్ష: ఎంసెట్ చదువు పనికొస్తుంది, ఎంసెట్ అలవాట్లే అడ్డం

ప్రశ్న: నమస్కారం అన్నా. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు, వయసు 18. ఇంటర్ ఎంపీసీ ఈ ఏడాదే అయింది, 78 శాతం వచ్చింది. ఎంసెట్‌లో ర్యాంకు సరిగా రాలేదు, జేఈఈ మెయిన్ ఊరికే రాశాను. మెషిన్లంటే ఇష్టం, ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ వైపు వెళ్ళాలని ఉంది. అగ్నివీర్‌వాయు, అంటే ఎయిర్‌ఫోర్స్‌లో నాలుగేళ్ళ ఉద్యోగం, దాని సైన్స్ పరీక్షకు ఎంసెట్ చదువు సరిపోతుందా? పది వరకు తెలుగు మీడియం, ఇంగ్లిష్ అంటే భయం. టౌన్లో ఒక అకాడమీ వాళ్ళు హాస్టల్‌తో కలిపి 85 వేలు అడుగుతున్నారు, ఒరిజినల్ మెమోలు కూడా ఇచ్చేయమంటున్నారు, సెలెక్షన్ సంగతి మేం చూసుకుంటాం అంటున్నారు. నాన్నేమో నాలుగేళ్ళ ఉద్యోగానికి ఇంత తాపత్రయం ఎందుకు, మేనేజ్‌మెంట్ కోటాలోనైనా బీటెక్‌లో చేరు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

తమ్ముడూ, నువ్వు అడిగినవాటికంటే ముందు నువ్వు అడగనిది ఒకటి చెప్తాను. కళ్ళు చూపించుకున్నావా? పుస్తకం తెరవకముందే ఈ వారంలో దగ్గర్లో ఉన్న కంటి డాక్టర్ దగ్గరకు వెళ్ళి సైటు ఉందో లేదో, రంగులు సరిగా గుర్తుపడుతున్నావో లేదో చూపించుకో. ఒక్కో కంటికి చూపు 6/12 ఉండాలి, అద్దాలు పెడితే 6/6 రావాలి, దూరపు సైటు ఒక పాయింట్ దాటకూడదు. రంగు రంగుల చుక్కల మధ్య అంకె కనిపెట్టమనే ఆ పుస్తకం పరీక్ష కూడా అడిగి చేయించుకో, ఎందుకంటే రంగుల లోపం ఉన్నవాడికి అది ఉందని చాలాసార్లు వాడికే తెలియదు. రాతపరీక్ష పాసై, పరుగు పాసై, చివరికి మెడికల్‌లో ఆ చుక్కల దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ళను చూశాను. ఎత్తు 152 సెంటీమీటర్లుంటే చాలు, అక్కడ నీకు ఇబ్బంది ఉండదనుకుంటాను. చేతి మీద పచ్చబొట్టు వేయించుకునే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే మానుకో.

ఇక పరీక్ష. సైన్స్ సబ్జెక్టుల పేపర్ 60 నిమిషాలు, 70 ప్రశ్నలు: ఇంగ్లిష్ 20, మ్యాథ్స్ 25, ఫిజిక్స్ 25. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత, వదిలేస్తే ఏమీ లేదు. మూడు సబ్జెక్టుల్లోనూ విడివిడిగా క్వాలిఫై కావాలి. అంటే మ్యాథ్స్‌లో ఇరగదీసి ఇంగ్లిష్‌లో తేలిపోతే మ్యాథ్స్ మార్కులు నిన్ను కాపాడవు. కెమిస్ట్రీ లేదు, కాబట్టి ఆ పుస్తకాలు అటక మీద పెట్టెయ్. నువ్వు సైన్స్ అర్హత ఉన్నవాడివి గనక అప్లికేషన్‌లో సైన్స్‌తో పాటు నాన్-సైన్స్ పేపరుకు కూడా టిక్ పెట్టు, రెండూ కలిపి ఒకే సిట్టింగులో 85 నిమిషాల్లో రాయిస్తారు. అదనంగా రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్ 30 ప్రశ్నలు వస్తాయి, అంతే. అలా పెట్టినందువల్ల పోయేదేమీ లేదు, ఇంకో తలుపు తెరిచి ఉంచుకున్నట్టు.

ఎంసెట్ చదువు సరిపోతుందా అన్నావు. సబ్జెక్టు వరకు దాదాపు సరిపోతుంది, సరిపోనివి నీ అలవాట్లు. (ఈఏపీసెట్ అని పేరు మార్చి ఇన్నేళ్ళయినా మనకు అది ఎంసెట్టే.) లెక్క చూడు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 3 గంటలు, అంటే ప్రశ్నకు 67 సెకన్లు. ఇక్కడ 51. అక్కడ నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి రెండేళ్ళపాటు కాలేజీలో నీకు నేర్పింది ఏమిటి? ఏ ప్రశ్నా ఖాళీ వదలొద్దు, చివరి ఐదు నిమిషాల్లో అన్నీ నింపెయ్ అని. పైగా అక్కడ మ్యాథ్స్ ఒక్కటే 80 మార్కులు, ఫిజిక్స్‌లో తక్కువ వచ్చినా మ్యాథ్స్‌తో లాక్కొచ్చేయొచ్చు, ఇంగ్లిష్ అసలు లేనే లేదు. ఇవన్నీ ఇక్కడ తిరగబడతాయి. నువ్వు కొత్తగా చదవాల్సింది కొంచెమే గానీ చెయ్యి మార్చుకోవాల్సింది చాలా ఉంది, నీకున్న కొద్ది నెలలూ దాని మీదే పెట్టు.

నెగెటివ్ మార్కుల గురించి ఒక్కొక్కడు ఒక్కో రకంగా భయపెడతాడు, నువ్వే లెక్క వేసుకో. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఒక మార్కు వచ్చి ముప్పావు మార్కు పోయింది, మిగిలింది పావు. నష్టం లేదు, కానీ ఆ పావు కోసం నాలుగు ప్రశ్నలు చదవడానికి పట్టే టైం, టెన్షన్ దండగ. అదే నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని కొట్టేయగలిగితే ఒక్కో ప్రశ్నకు సగటున మూడో వంతు కంటే కాస్త ఎక్కువే నీకు వస్తుంది, అక్కడ ధైర్యంగా పెట్టెయ్. ఒక్కటే కొట్టేయగలిగితే లాభం చిన్నది, టైం ఉంటే పెట్టు, లేకపోతే వదిలెయ్. అసలు నష్టం గుడ్డి గెస్సుల్లో జరగదు, ఒక మొండి లెక్క దగ్గర మూడు నిమిషాలు కూర్చుండిపోవడంలో జరుగుతుంది. ఆ మూడు నిమిషాల్లో తేలిగ్గా వచ్చే మూడు ప్రశ్నలు చివర్లో చూడకుండానే మిగిలిపోతాయి. మంచి మార్కుల పిల్లలే ఈ గోతిలో ఎక్కువ పడతారు, నాకు రాని లెక్క ఉంటుందా అనే రోషం కదా! ఆ రోషం ఇంట్లో పెట్టి వెళ్ళు.

సైన్స్ పేపర్ 60 నిమిషాలను నేనైతే ఇలా పంచుతాను: ఇంగ్లిష్‌కు 10, ఫిజిక్స్‌కు 21, మ్యాథ్స్‌కు 25, మిగిలిన 4 వదిలేసిన వాటి కోసం. ఇంగ్లిష్ అంత తక్కువలో ఎలా అంటావేమో, ఇంగ్లిష్ ప్రశ్న దగ్గర లెక్కేమీ చెయ్యక్కర్లేదు, తెలిస్తే పది సెకన్లలో తెలుస్తుంది, తెలియకపోతే రెండు నిమిషాలు చూసినా తెలియదు. పాసేజీ ఒక్కటే టైం తింటుంది. దానికి ముందు ప్రశ్నలు చదివి తర్వాత పాసేజీలోకి వెళ్ళు.

ఇప్పుడు నీ భయం దగ్గరకు వద్దాం. పేపర్ తెలుగులో ఉండదు. ఫిజిక్స్, మ్యాథ్స్ ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఇస్తారు, ఇంగ్లిష్ ఎలాగూ ఇంగ్లిషే. (తెలుగులో రాయాలనుకునేవాళ్ళకు ఆర్మీ అగ్నివీర్ రాతపరీక్ష ఉంది, అందులో ఇప్పుడు తెలుగు కూడా పెట్టారు, కాకపోతే ఆర్మీ టెక్నికల్‌కు కెమిస్ట్రీ, జీకే కూడా చదవాలి.) నీకు ఇంటర్‌లో సబ్జెక్టులు ఇంగ్లిష్‌లోనే అయ్యాయి కాబట్టి ప్రశ్న అర్థంకాకపోవడం అనే సమస్య పెద్దగా ఉండదు. సమస్య ఆ 20 మార్కుల గ్రామరే. ఆ 20 ప్రశ్నలు కూడా ఎక్కడినుంచో ఊడిపడవు: టెన్సులు, ప్రిపోజిషన్లు, ఆర్టికల్స్, సబ్జెక్టుకు తగ్గ వెర్బు, యాక్టివ్-పాసివ్, డైరెక్ట్-ఇన్‌డైరెక్ట్, సమానార్థాలు, వ్యతిరేకార్థాలు, ఒకే మాటలో చెప్పడం, కొన్ని ఇడియమ్స్, ఒక పాసేజీ. నీ తెలుగు మీడియం పదో తరగతి గ్రామర్‌కీ దీనికీ దూరం నువ్వు అనుకున్నంత లేదు.

తెలుగువాళ్ళం తప్పు చేసే చోట్లు కొన్ని ఖాయంగా ఉన్నాయి, పరీక్షలోనూ అవే వస్తాయి. 'వన్ ఆఫ్ మై' తర్వాత బహువచనం రావాలి, వెర్బు మాత్రం ఏకవచనంలో ఉండాలి, మనం రెండూ తారుమారు చేస్తాం. 'ఈచ్', 'ఎవ్రీ', 'ఎవ్రీబడీ' వెనక కూడా ఏకవచనమే. 'డిస్కస్' పక్కన 'అబౌట్' రాదు. 'సిన్స్' కాలం మొదలైన చోటు చెప్తుంది, 'ఫర్' ఎంతసేపో చెప్తుంది. 'యెస్టర్‌డే' ఉన్న వాక్యంలో 'హ్యావ్' పెట్టి మనం రోజూ మాట్లాడేస్తాం, పరీక్షలో అది తప్పు. ఇలాంటివి ఒక నోట్‌బుక్‌లో నువ్వే పోగెయ్, రూలు రాసి ఊరుకోకుండా ప్రతిదానికీ మీ ఇంటి సంగతులతోనే ఒక వాక్యం రాసుకో. పదాలు రోజుకు పది చాలు, కానీ మర్నాడు నిన్నటి పదీ, ఆదివారం ఆ వారంవన్నీ తిరగెయ్యి. రోజుకు యాభై పదాలు బట్టీ కొట్టేవాళ్ళు నాలుగో రోజు పుస్తకం మూసేస్తారు. రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదవమని అందరూ చెప్తారు, నేను చెప్పను, నీ స్థాయికి అది మొదటి నెలలోనే విసుగు పుట్టిస్తుంది. స్పోర్ట్స్ పేజీ చదువు, నీకు సంగతి ముందే తెలుసు కాబట్టి భాష మీద కళ్ళు పడతాయి.

మ్యాథ్స్‌లో జాగ్రత్త ఒకటుంది, మన రాష్ట్రాల పిల్లలకే ప్రత్యేకంగా. పరీక్ష సిలబస్ సీబీఎస్ఈ పద్ధతిలో ఉంటుంది. నువ్వు చదివిన 1ఏ, 1బీ, 2ఏ, 2బీలో హైపర్‌బోలిక్ ఫంక్షన్లు, డిమోవర్ సిద్ధాంతం, సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్ లాంటివి దండిగా ఉన్నాయి. కానీ సీక్వెన్సెస్ అండ్ సిరీస్ అన్న చాప్టరే లేదు, పదో తరగతిలో శ్రేఢులు చదివి వదిలేశావు. సెట్లు కూడా అంతే. అందుకే ఏపీ, జీపీ (అంకశ్రేఢి, గుణశ్రేఢి) ప్రశ్న రాగానే బుర్ర గీరుకోవాల్సి వస్తుంది, నిజానికి అవే అన్నిటికంటే తేలిక మార్కులు. ఒకటి, అర, పావు, అలా అంతులేకుండా కూడుకుంటూ పోతే మొత్తం రెండు, ఇంతకు మించి అడగరు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని సెట్లు, సీక్వెన్సెస్ రెండు చాప్టర్లూ ఉదాహరణలతో సహా చేసెయ్, వారం పని. ఆ తర్వాత మాట్రిసెస్, డిటర్మినెంట్లు, త్రికోణమితి, స్ట్రెయిట్ లైన్, సర్కిల్, డెరివేటివ్, ఇంటిగ్రేషన్, ప్రాబబిలిటీ, పర్ముటేషన్లు, ఇవన్నీ నీకు వచ్చినవే, స్పీడు పెంచుకోవడమే మిగిలింది.

స్పీడు అంటే షార్ట్‌కట్ ట్రిక్కులు కాదు, వాటి వెంట పడకు. 3 బై 3 మాట్రిక్స్ డిటర్మినెంట్ 5 అయితే దానికి రెట్టింపు మాట్రిక్స్ డిటర్మినెంట్ ఎంత అంటే పెన్ను కదపకుండా 40 అనాలి, ఎందుకంటే ప్రతి వరుస నుంచీ ఒక రెండు బయటికి వస్తుంది. అది ట్రిక్కు కాదు, అర్థం చేసుకున్న ముక్క. అలాంటివి చాప్టర్‌కు ఐదారు చొప్పున నీ చేత్తో నువ్వు రాసుకున్న కాగితం ఒకటుండాలి. క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి 30 దాకా వర్గాలు, 12 దాకా ఘనాలు, రూట్ 2, రూట్ 3 విలువలు, త్రికోణమితి పట్టిక నోటికి వచ్చి తీరాలి. ఇది చిన్నపిల్లల పనిలా కనిపించి చాలామంది చెయ్యరు, తర్వాత 17ను 17తో గుణించడానికి రఫ్ కాగితంలో సగం ఖర్చుపెడతారు.

ఫిజిక్స్ నీకు బాగా కలిసొచ్చే సబ్జెక్టు, ఎంసెట్ స్థాయి లెక్కలు చేసినవాడికి ఇక్కడివి చాలావరకు ఒకే అడుగులో తేలేవి. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరితే ఎంత ఎత్తుకు వెళ్తుంది, 3 ఓమ్, 6 ఓమ్ నిరోధాలు సమాంతరంగా కలిపితే ఎంత, ఇలా ఉంటాయి. రెండు ఫార్ములాలు కలిపి తిప్పేవి తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే థియరీ ప్రశ్నల్లో. ఫలానా రాశికి డైమెన్షన్లు ఏమిటి, ఏ కిరణానికి తరంగదైర్ఘ్యం ఎక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ ఏ సూత్రం మీద పనిచేస్తుంది, సెమీకండక్టర్‌ను వేడి చేస్తే నిరోధం పెరుగుతుందా తగ్గుతుందా, ఇలాంటివి. కార్పొరేట్ కాలేజీ మెటీరియల్ చదివినవాళ్ళకు లెక్కలు వస్తాయి, ఈ వాక్యాలు రావు. అందుకని ఫిజిక్స్‌కు మెటీరియల్ పక్కనపెట్టి ఎన్‌సీఈఆర్‌టీ నాలుగు భాగాలూ వరసగా చదువు, అంటే పదకొండు రెండు, పన్నెండు రెండు. చాప్టర్ చివర ఉండే సారాంశం మాత్రం మూడుసార్లు చదువు. యూనిట్లు-డైమెన్షన్లు, కరెంట్ ఎలక్ట్రిసిటీ, అయస్కాంతత్వం, ఇండక్షన్, ఆప్టిక్స్, సెమీకండక్టర్లు, ఇవి గట్టిగా పట్టుకో. టెక్నికల్ ట్రేడ్ వస్తే రేపు నువ్వు చేతిలో పట్టుకునేవి కూడా ఇవే, నాకు ఎయిర్‌ఫోర్స్ రాడార్ సెక్షన్లో ఓమ్ నియమం పనికొచ్చినంత ఇంకేదీ పనికి రాలేదు.

మాక్ టెస్టులు ఫోన్లో పడుకుని రాయకు. పరీక్ష కంప్యూటర్ మీద, కుర్చీలో కూర్చుని, పక్కన రఫ్ కాగితంతో జరుగుతుంది. కాబట్టి వారానికి రెండుసార్లయినా నెట్ సెంటర్‌లోనో లైబ్రరీలోనో కంప్యూటర్ ముందు కూర్చుని గంట గడియారం పెట్టుకుని రాయి. రాసిన తర్వాత చేసే పనే అసలు పని. పోయిన ప్రతి మార్కు పక్కనా మూడు మాటల్లో ఒకటి రాయి: తెలియక, చూసుకోక, టైం లేక. రెండు వారాలు పోయాక లెక్కపెట్టు. తెలియక ఎక్కువుంటే పుస్తకం దగ్గరికి వెళ్ళు. చూసుకోక ఎక్కువుంటే ప్రశ్నలో 'నాట్', 'ఎక్సెప్ట్' లాంటి మాటల దగ్గర ఆగడం, యూనిట్లు చూడడం అలవాటు చేసుకో. టైం లేక ఎక్కువుంటే వదలడం నేర్చుకో. చాలామంది ఈ మూడిటికీ ఒకే మందు వేస్తారు, ఇంకా ఎక్కువ చదవడం, అందుకే మార్కు కదలదు. ఒక రోజు మార్కు చూసి డీలాపడకు కూడా, అసలు పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, పేపర్ కష్టాన్ని బట్టి మార్కులు నార్మలైజ్ చేస్తారు, అంటే షిఫ్టుల మధ్య తేడా పోయేలా సర్దుతారు.

పరుగు. ఇది రాతపరీక్ష రిజల్ట్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు. 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరిగెత్తాలి, అమ్మాయిలకైతే 8 నిమిషాలు. (ఈ మధ్య అడుగుతున్న చెల్లెళ్ళకు ఇక్కడే చెప్తున్నా, పెళ్ళికాని అమ్మాయిలు కూడా దీనికి అర్హులే.) ఆ తర్వాత అబ్బాయిలకు నిమిషంలో 10 పుషప్స్, నిమిషంలో 10 సిటప్స్, నిమిషంలో 20 గుంజీలు. చదివితే చిన్నపనిలా ఉంటుంది, ఏళ్ళ తరబడి రెసిడెన్షియల్ కాలేజీలో కూర్చున్న కాళ్ళకు కాదు. 400 మీటర్ల గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు, రౌండుకు 105 సెకన్లు. మొదటి రౌండు 80 సెకన్లలో ఎగిరిపోయి మూడో రౌండులో పొట్ట పట్టుకుని నిలబడిపోయేవాళ్ళే ఎక్కువ. అందుకని ముందు రెండు మూడు వారాలు స్పీడు సంగతి మర్చిపోయి మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత నెమ్మదిగా ఇరవై నిమిషాలు పరిగెత్తు. తర్వాత రౌండు రౌండుకూ గడియారం చూసుకో. మీ వైపు కాలువ గట్లు ఉన్నాయి కదా, తారురోడ్డు కంటే మట్టి గట్టు మోకాళ్ళకు మంచిది. వర్షాకాలంలో జారుతుంది, చూసుకో. ఫేజ్ 2లో, అంటే రాతపరీక్ష పాసైనవాళ్ళను పిలిచే దశలో, పరుగు తర్వాత అడాప్టబిలిటీ టెస్టులుంటాయి, మిలిటరీ వాతావరణానికి, క్రమశిక్షణకు, ఊరికి దూరంగా ఉండడానికి నువ్వు సరిపోతావా అని చూస్తారు. దానికి పుస్తకాలమ్మేవాళ్ళున్నారు, కొనకు. అడిగినదానికి నిజం చెప్పడం, నలుగురిలో నోరు విప్పడం అలవాటైతే చాలు.

అకాడమీ సంగతి. ఒరిజినల్ మెమోలు ఎవరికీ ఇవ్వొద్దు, ఒక్కరోజుకైనా సరే, ఇందులో రెండో మాట లేదు. ఫేజ్ 2కు వెళ్ళినప్పుడు ఒరిజినల్స్ చూపించాలి, అవి వాళ్ళ బీరువాలో ఉంటే నువ్వు వాళ్ళ దయ మీద ఉంటావు, మిగిలిన ఫీజంతా అప్పుడు వసూలు చేస్తారు. సెలెక్షన్ మేం చూసుకుంటాం అన్నవాడు అబద్ధం చెప్తున్నాడు. కంప్యూటర్‌లో పరీక్ష, గడియారంతో పరుగు, ఎయిర్‌ఫోర్స్ డాక్టర్ల మెడికల్, వీటిలో ఏది ఎవడు చూసుకుంటాడు? వాళ్ళు చేసేదల్లా వందమంది దగ్గర డబ్బు తీసుకుని, సొంతంగా పాసైన పది మందినీ తమ ఖాతాలో రాసుకోవడం, మిగతావాళ్ళకు మళ్ళీ చూద్దాం అనడం. అప్లికేషన్ ఫీజు 550 రూపాయలు, పైన జీఎస్టీ, నువ్వు ప్రభుత్వానికి కట్టాల్సింది అంతే. గ్రౌండ్ ట్రైనింగ్ మాత్రమే కావాలంటే నెలకింతని ఇచ్చి పొద్దున్న గ్రౌండ్‌కి వెళ్ళొచ్చే చోట్లు చూడు. మీకు దగ్గర్లోనే మిలిటరీ మాధవరం ఉంది కదా, తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళిన ఊరు. ఒక ఆదివారం వెళ్ళి అక్కడ రిటైరైన పెద్దాయన ఎవరి దగ్గరైనా గంట కూర్చో, 85 వేలకు దొరకని సంగతులు టీ ఇచ్చి మరీ చెప్తారు.

మీ నాన్న అడిగిన ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు. నేను చేరినప్పుడు ఎయిర్‌మన్ అంటే 20 ఏళ్ళ సర్వీసు, పెన్షన్. 2022 జూన్‌లో అగ్నిపథ్ అనే ఈ అగ్నివీర్ పథకం ప్రకటించాక అది పోయింది. ఇప్పుడు నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు, అందులో 30 శాతం సేవానిధికి (చివర్లో చేతికిచ్చే పొదుపు నిధికి) కోత, కాబట్టి మొదట్లో చేతికి వచ్చేది 21 వేలు. నాలుగేళ్ళు అయ్యాక నీ వాటా, ప్రభుత్వం వాటా కలిపి 10 లక్షల పైచిలుకు, దానికి వడ్డీ. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఉన్నవాళ్ళలో 25 శాతం దాకా రెగ్యులర్‌గా తీసుకుంటారు, ఆ పాతికలో నువ్వుంటావని ఎవరూ హామీ ఇవ్వలేరు. టెక్నికల్ ట్రేడే వస్తుందన్న హామీ కూడా లేదు, సైన్స్ పేపర్ రాసినంత మాత్రాన ఇంజిన్ దగ్గరే పెడతారని అనుకోకు. ఇదంతా తెలిసీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, తెలియకుండా యూనిఫాం చూసి మాత్రం వెళ్ళకు. 22 ఏళ్ళకు చేతిలో పది లక్షలు, క్రమశిక్షణ, కొంత పని నేర్చుకున్న చెయ్యి, దానికి తోడు సర్వీసులో ఉండగానే ఇగ్నో ద్వారా డిగ్రీ చేసే వీలు, ఇవి తక్కువేమీ కాదు. కానీ డిగ్రీ లేకుండా బయటికి వస్తే మళ్ళీ మొదటి మెట్టే, అందుకని చేరిన మొదటి ఏడాదే డిగ్రీ మొదలుపెట్టాలని ఇప్పుడే రాసిపెట్టుకో.

నీ ఉత్తరంలో నాకు మెరిసిన మాట ఇంకోటుంది, జేఈఈ మెయిన్ ఊరికే రాశాను అన్నావే, అది. అది ఊరికే పోదు. ఆర్మీలో టెన్ ప్లస్ టూ టెక్నికల్ ఎంట్రీ అని ఒకటుంది, పెళ్ళికాని అబ్బాయిలకు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, అదే ఏడాది జేఈఈ మెయిన్ రాసి ఉండడం, వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య, ఇవీ షరతులు. విడిగా రాతపరీక్ష లేదు, దరఖాస్తుల్లోంచి ఏరి నేరుగా ఎస్ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. సెలెక్ట్ అయితే ఇంజినీరింగ్ చదువు సైన్యం ఖర్చుతో, డిగ్రీతో పాటు లెఫ్టినెంట్ హోదా. చదువు చెప్పే చోట్లలో ఒకటి మన సికింద్రాబాద్‌లోని ఎంసీఈఎంఈ అనే ఆర్మీ ఇంజినీరింగ్ కాలేజీ. నేవీకి కూడా ఇలాంటిదే బీటెక్ ఎంట్రీ ఉంది, జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి పిలుస్తారు, చదువు కేరళలోని ఎళిమలలో. సీట్లు తక్కువ, షార్ట్‌లిస్టు గట్టిది, నీ పర్సంటైల్‌కు పిలుపు రాకపోవచ్చు, అయినా అప్లై చెయ్, ఆన్‌లైన్‌లో అరగంట పని. అలాగే ఎన్‌డీఏ, అంటే ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష, ఏడాదికి రెండుసార్లు వస్తుంది, నీకు వయసు ఉంది. అక్కడ మ్యాథ్స్ 120 ప్రశ్నలకు 300 మార్కులు, ఇంచుమించు నువ్వు ఇప్పుడు చదువుతున్నదే. ఇవి మన కాలేజీల్లో ఎందుకో ఎవరూ చెప్పరు, ఐఐటీ, ఎన్ఐటీ తప్ప మిగతావి బ్యానర్ మీదకు ఎక్కవు గనక కాబోలు.

బీటెక్ మాటకొస్తే, మేనేజ్‌మెంట్ కోటాకు లక్షలు పోయడం నాకు ఇష్టం లేదు, కానీ కన్వీనర్ కోటాలో దగ్గర్లోని కాలేజీలో సీటు వస్తే చేరు. మీ నాన్నకు ధైర్యంగా ఉంటుంది, నీకూ వెనక ఒకటి ఉంటుంది. పొద్దున్న పరుగు, సాయంత్రం రెండున్నర గంటలు ఈ చదువు, మొదటి సెమిస్టర్‌లో అది సాధ్యమే. చేరేటప్పుడు ఒరిజినల్ మెమోలు వెరిఫై చేసి వెనక్కి ఇమ్మని అడుగు, కాలేజీలు ఒరిజినల్స్ ఉంచుకోకూడదని ఇంజినీరింగ్ కాలేజీల పైన ఉండే ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది. 'ఇవ్వం' అని మొండికేస్తే పెట్టినదానికి రశీదు రాయించుకో, కాల్ లెటర్ చూపిస్తే ఎన్ని రోజుల్లో ఇస్తారో అప్పుడే అడుగు.

ఇంకొక్క పని, నోటిఫికేషన్ రాకముందే చేసేది. నీ పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడు. మనవాళ్ళకు మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, లేదా అటుదిటు అవుతుంది. తేడా ఉంటే పదో తరగతి మెమో ప్రకారం ఆధార్ సరిచేయించు, మీసేవకో ఆధార్ సెంటర్‌కో ఇప్పుడే వెళ్ళు, అప్లికేషన్ గడువు వారం ఉందనగా వెళ్తే క్యూలోనే అయిపోతుంది. పుట్టిన తేదీ ఏ రెండు తేదీల మధ్య ఉండాలో ప్రతి నోటిఫికేషన్‌లో వేరుగా ఇస్తారు, అది చూసుకునే అప్లై చెయ్. ఈ ఉత్తరం మీ నాన్నకు కూడా చదివి వినిపించు, ముఖ్యంగా 21 వేలు అన్న చోట ఆగకుండా.